ఆలూరు నల్లరేగడిలో పైరు, వాన, పురుగు

ఆలూరు కర్నూలు జిల్లాకు పడమటి అంచున నున్నది. దానికి పడమటగా హగరి, అనగా వేదవతి, తుంగభద్రలో కలియుటకై ఉత్తరముగా సాగిపోవుచుండును. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడువఱకు ఆలూరు, ఆదోని తాలూకాలు బళ్లారి జిల్లాలోనివి. కావున ఈ నేలలోని పంటల పూర్వచరిత్రను వెదకువారు కర్నూలు దస్త్రములకంటె ముందుగా బళ్లారి దస్త్రములను, 1904లో డబ్ల్యు. ఫ్రాన్సిసు కూర్చిన బళ్లారి గెజెటీరును విప్పవలసియుండును. ఈ సీమ నేలిన నవాబుల కథలను, కలెక్టరు మన్రో కథలను శ్రోతలు పలుమారులు వినియుందురు. ఈ సీమ పంటను తిన్న పురుగుల కథ చెప్పువారు తక్కువ. రైతునకు శిస్తుతోపాటు ఏటేట చెల్లింపక తప్పని పన్ను అదియే గనుక నేడు దానిని ముచ్చటింతును.

పురుగు పైరుపై ఎందుకు పడును? పల్లెలో ఈ ప్రశ్న వేసినచో, మబ్బు పట్టినదనియో, తూర్పుగాలి తిరిగినదనియో, విత్తనము మంచిది కాదనియో బదులు వచ్చును. కీటకశాస్త్రజ్ఞుడు పలు పరీక్షలు చేసి తేల్చినదియు ఇంచుమించు ఇదియే. వాన పడిన దినము, ఎండ, తేమ ఒక ప్రక్క. ఆకు దళసరియా పలుచనా, నూగు గలదా లేదా, కంకి విచ్చినదా ముడుచుకొన్నదా అను పైరు పొందిక మఱియొక ప్రక్క. ఈ రెంటి నడుమ పురుగునకు సందు దొరకినచో పంట పోవును. ఆలూరు సీమలో ఈ సందు ఎప్పుడు తెరచుకొన్నది, ఎట్లు మూసికొన్నది, ఎవరు తెరచిరి అనునదే నేటి ప్రసంగమునకు విషయము.

మొదట నేలను గూర్చి ఒకటిరెండు మాటలు. సగటున ఏటికి 25 అంగుళములకు మించని వాన. నల్లరేగడి ఎక్కువ, ఎఱ్ఱనేల తక్కువ. ఇచటి రైతులు కన్నడపు మాటలతో కాలమును రెండుగా పంచుకొందురు: ముంగారి, హింగారి. మృగశిర, ఆరుద్ర కార్తెల వానకు ఎఱ్ఱనేలలో వేయునది ముంగారి పైరు. నల్లరేగడి మాత్రము తొలివానకు తొందరపడదు. మఖ, పుబ్బ, ఉత్తర కార్తెలలో నేల కడుపునిండ నీరు త్రాగిన పిమ్మట హింగారి జొన్నను, పత్తిని గొఱ్ఱుతో విత్తుదురు. ఆ తరువాత వాన వెనుకపట్టినను, నేలలోని చెమ్మతోను మంచుతోను పైరు మాఘ ఫాల్గుణములవఱకు నిలుచును. పత్తి సాళ్ల నడుమ కొఱ్ఱ వేయుట ఈ ప్రాంతపు పాత అలవాటు.

ఇరువదవ శతాబ్ది మొదటి దశకమున బళ్లారి జిల్లాలోను, దాని నంటియున్న మైసూరు సంస్థానపు ఉత్తరభాగమునను జొన్నచేలను ఒక మిడుత తినివైచినది. దానికి రెక్కలు లేవు. దేశదేశములు దాటి ఆకాశమును కప్పివచ్చు ఎడారి మిడుతకును దీనికిని పోలిక లేదు. ఇది పుట్టిన చేనునుండి ప్రక్కచేనికి గంతులు వేయుచు పోవును. 1908లో మైసూరు ప్రభుత్వమున కొలువు చేరిన కెనడా దేశీయుడు లెస్లీ కోల్మను దీనిని పరిశీలించెను. 1910లో స్పెయిను దేశపు పండితుడు బొలీవర్ దానికి శాస్త్రనామము పెట్టుచు ఆయన పేరనే 'కోలెమానియా' అని పిలిచెను. 1911లో కోల్మను జొన్నమిడుతను గూర్చి మైసూరునుండి ఒక పుస్తకమును ప్రకటించెను.

ఈ మిడుత జీవితమంతయు వానకు కట్టుబడినది. ఏటికి ఒక్క తరమే. పైరు కోతకు వచ్చు దినములలో ఆడుమిడుత నేలలో గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు చలికాలమును, ఎండకాలమును మన్నులోనే గడపి, జూను మాసపు తొలివాన తడి సోకగానే పగులును. జొన్న మొలకయు మిడుతపిల్లయు ఒకే వానకు బయటపడుననుట! వాన సకాలమున మంచిగా పడిన యేడు పైరు బలముగా లేచును గాని, పిల్లలును అంతే చురుకుగా లేచును. వేసవిలో దున్నినచో గ్రుడ్ల ముద్దలు పైకివచ్చి ఎండకు మాడును, పక్షుల పాలగును. రెక్కలు లేనందున చేతిసంచులతో పిల్లలను పట్టి చంపుటయు సాధ్యమైనది. బళ్లారి నల్లరేగడిలో గరికను పెకలించుటకు పలుజతల యెద్దులు కట్టు పెద్దమడక ఉండెడిది. దానిని గడ్డికొఱకు కనిపెట్టిరే కాని మిడుతకొఱకు కాదు. ఐనను అది లోతుగా తిరుగవేసిన చేనిలో గ్రుడ్లకు శాంతి లేకపోయెనని ఊహించుట తప్పు కాదు.

మిడుతకంటె నెమ్మదిగా, కంటికి కనబడకుండ జొన్నకు చేటు తెచ్చునది మొవ్వుయీగ. ఇది ఇంటి యీగకంటె చిన్నది. మొలచిన వారము దినములనుండి నెలవఱకు జొన్నపిలకను పట్టుకొనును. లేతయాకు అడుగున ఒక్కొక్క గ్రుడ్డు పెట్టును. రెండుదినములలో పిల్ల బయలుదేరి, తెల్లవారుజామున ఆకువెంట జారి మొవ్వులోనికి దిగి, ఎదుగు మొనను తెంచును. నడిమి యాకు ఎండి, పట్టి లాగినచో ఊడివచ్చును. దీనినే మొవ్వు చచ్చుట అందురు. తొలివానతో వెంటనే విత్తిన చేనికి ఈ బాధ స్వల్పము. యీగ సంతానము పెరుగులోపలనే పైరు దానికి అందని వయసునకు చేరును. వాన ఆలస్యమై ఊరిలో కొందఱు ముందు, కొందఱు వెనుక విత్తిరా, ముందటి చేనిలో పుట్టిన యీగలు వెనుకటి చేనిలో పండుగ చేసికొనును. ఊరంతయు ఒక్క కార్తెలో విత్తవలెనను పాత కట్టుబాటునకు ఇది గట్టి కారణము. పెద్దలు యీగను చూచి ఆ కట్టుబాటు చేసిరో, ఎద్దుల బదులుకొఱకు చేసిరో నేను నిర్ణయింపజాలను. ఫలము మాత్రము దక్కినది.

హింగారి జొన్నకు ఈ ఉపాయము కుదరదు. నల్లరేగడి తడియు వేళ యీగ విస్తారముగా నుండు వేళ. అచట పైరు తన్ను తాను రక్షించుకొనవలెను. దక్కనులోని పాత హింగారి జొన్నలు మొలకదశలో చూడుడు: ఆకు లేత పచ్చగా, నూనె రాచినట్లు మెఱయును, నిటారుగా నిలిచి, సన్నముగా నుండును. 1972లో హైదరాబాదునకు సమీపమున పటాన్‌చెరువులో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థవారు ప్రపంచపు నలుమూలలనుండి తెచ్చిన వేలకొలది జొన్నరకములను పరీక్షించినప్పుడు, ఈ మెఱుపుటాకు గలవానిలో అత్యధికభాగము మన దక్షిణ భారతపు రకములే యని తేలినది. మెఱుపుటాకుపై యీగ తక్కువ గ్రుడ్లు పెట్టును. ఆకు అడుగున సూక్ష్మమైన నూగు కూడ ఉన్నచో ఇంకను తక్కువ. 1951లో పొన్నయ్య అను పరిశోధకుడు, యీగను తట్టుకొను రకముల ఆకుతొడుగులలో ఇసుకవంటి సిలికా కణికలు ముందుగానే ఏర్పడి పిల్లపురుగునకు నమలుట కష్టము చేయునని వ్రాసెను. షోలాపురము జిల్లా మోహోలులో దేశవాళీ మాల్దండి జొన్ననుండి ఏరి తీసిన ఎం. 35-1 రకమునకు ఈ గుణము కొంత గలదు. కర్ణాటక, మహారాష్ట్రలందును మన రాయలసీమ పడమటి తాలూకాలందును హింగారిలో అది నిలిచియుండుటకు రొట్టె రుచితోపాటు ఈ గుణమును కారణమే.

1990 ప్రాంతమున ఇక్రిశాట్‌లో జరిగిన మఱియొక పరిశోధన నాకు మిక్కిలి ఇంపుగా తోచినది. పిల్లపురుగు ఆకువెంట జారుటకు చెమ్మ కావలెను. తెల్లవారుజామున మొవ్వుటాకుపై సన్నని నీటిపొర కనబడును. అది ఆకాశమునుండి పడిన మంచని అందఱు తలచిరి. న్వాంజె మొదలగువారు పరీక్షించి, ఆ నీరు మొక్కలోపలినుండియే ఊరుచున్నదనియు, యీగకు లోనగు రకములలో అది ఎక్కువగాను, తట్టుకొను రకములలో తక్కువగాను ఉండుననియు చూపిరి. వాతావరణముది యనుకొన్న చెమ్మ పైరుదేనని తేలినది. ఐనను నేలలో తేమ, గాలిలో చలి మాఱినచో ఆ ఊటయు మాఱును; కావున వానను, పైరును విడదీసి చూచుట ఇచట పొసగదు.

1964లో సి.ఎస్.హెచ్.-1 అను సంకరజొన్న విడుదలయైనది. పొట్టి పైరు, శీఘ్రముగా పండును, దిగుబడి పెద్దది. తొలివానకు విత్తిన చోట దానికి సాటి లేదు. ఆలస్యముగా విత్తిన చోట మొవ్వుయీగ దానిని వదలలేదు. దాని కంకి వానలు ముగియకముందే పాలుపోసికొనుటచే గింజకు బూజు పట్టెను. గింజ దట్టముగా మూసికొన్న కంకిలో నల్లులకు, కంకి తొలుచు పురుగులకు ఎండనుండియు వాననుండియు మఱుగు దొరకును. విడివిడిగా వ్రేలాడు కంకిలో గాలి యాడును, పురుగు నిలువదు. పాత ముంగారి రకములలో కంకి విచ్చియుండినవి పెక్కు గలవు. గింజ తక్కువని మనము వానిని విడిచితిమి. విడిచినందులకు నేను తప్పుపట్టను. ఆకలిగొన్న దేశమునకు గింజ ముందు. ఆ విచ్చిన కంకివలన కలుగు లాభమును లెక్కలో వ్రాసికొని విడిచియుండవలసినది.

ఇక పత్తి. ఆదోని పేరు చెప్పగానే పత్తి తలపునకు వచ్చును. దూది తీయు మరలును, పత్తి విపణియు ఆ పట్టణమునకు ప్రాణము. ఆలూరు, ఆదోని, బళ్లారి నల్లరేగళ్లలో పండిన దేశవాళీ పత్తిని వర్తకులు 'వెస్టర్న్స్' అని పిలిచెడివారు. నంద్యాల ప్రక్కది 'నార్తర్న్స్'. వెస్టర్న్స్ పత్తి నారపొడుగు తక్కువ. మాంచెస్టరు మిల్లులకు అది నచ్చలేదు. 1840లో కుంఫిణీవారు అమెరికానుండి తోటకాపులను పిలిపించిరి. 1842నుండి 1853వఱకు డాక్టరు రాబర్టు వైటు కోయంబత్తూరున అమెరికా పత్తి క్షేత్రములను నడపెను. చాలచోట్ల ఆ పత్తి నిలువలేదు. ధారవాడ ప్రాంతమున మాత్రము నాటుకొన్నది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలై నాలుగేండ్లు నడచుటచే పత్తి వెల ఆకాశమంటినప్పుడు కూడ ఆలూరు రైతు అమ్మినది తన పొట్టినార పత్తినే.

ఆ పొట్టినార పత్తిలో ఏమున్నది? ఆకు చిన్నది, తోలువలె దళసరి. వేరు లోతుగా దిగును. ఏడెనిమిది నెలలు నిదానముగా పెరుగును. పచ్చదోమ, పేనుబంక, తామరపురుగు మొదలైన రసము పీల్చు పురుగులు దానిపై నిలిచి బ్రదుకుట కష్టము. 1906లో నంద్యాలలోను, హగరిలోను ప్రభుత్వ వ్యవసాయక్షేత్రములు వెలసినవి. హగరి క్షేత్రమువారు వెస్టర్న్స్ లోనుండి మంచి మొక్కలను ఏరి 'హగరి-1' అను రకమును తీసిరి. ఏరునపుడు నారను చూచిరి, దిగుబడిని చూచిరి. పచ్చదోమను చూడవలసిన పని వారికి అంతగా కలుగలేదు, ఏలయనగా ఆ మొక్క యెల్లయు పుట్టుకతోనే దానికి కవచము తొడిగికొని వచ్చినది.

కవచము సంగతి తెలిసివచ్చినది అమెరికా జాతి పత్తిలో. పచ్చదోమ ఆకు అడుగున చేరి రసము పీల్చగా ఆకు అంచులు పసుపుబాఱి, పిదప ఎఱ్ఱబడి, క్రిందికి దోనెవలె ముడుచుకొనును. 1905 ప్రాంతమున కంబోడియానుండి తమిళదేశమునకు వచ్చిన నూగుటాకు పత్తి దీనిని తట్టుకొన్నది. కోయంబత్తూరున మదరాసు ప్రభుత్వపు వృక్షశాస్త్రజ్ఞుడుగా నుండి, వరి రకములపై పని చేసిన ఎఫ్. ఆర్. పార్నెల్ అను నాయన 1920 దశకమున దక్షిణాఫ్రికా చేరి, బార్బర్టను క్షేత్రమున పత్తిపని చేపట్టెను. అచట పచ్చదోమచే పత్తి చేలు నాశనమగుచుండెను. ఆయన నూగు దట్టముగా గల మొక్కలను ఏరి విత్తనము కట్టెను. ఆ పత్తి నిలిచినది. నూగు పొడుగుగా నుండవలెను, దట్టముగాను ఉండవలెను, రెండును కూడినగాని దోమ లొంగదని 1949లో కింగు, రస్టను అను సహచరులతో కలిసి ఆయన వివరముగా ప్రకటించెను. వెండ్రుకల నడుమ దోమ తన తొండమును ఆకునకు తగిలించుటకు, ఈనెలో గ్రుడ్డు దూర్చుటకు చోటు దొరకదు.

ఇంతవఱకు విన్నవారు, అట్లయిన నూగుటాకు పత్తినే ఎల్లయెడల వేయరాదా యని అడుగుదురు. దీనికి సమాధానము గుంటూరు సీమ చెప్పినది. ఆలూరు, ఆదోని ప్రాంతములలో వాన తప్పిన యేండ్ల కుటుంబములు మూటలు కట్టుకొని పత్తి తీయుటకు, మిరప కోయుటకు గుంటూరు పల్లెలకు పోవును. దానికి ఇచటి మాట 'సుగ్గి'. కావున గుంటూరు పత్తికి కలిగిన కష్టము ఈ సీమకు పరాయి కష్టము కాదు. అచట చేను పోయిన, ఇచట కూలి పోవును. 1967లో నాగార్జునసాగరము కాలువలకు నీరు వదలిన పిమ్మట గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లనేలలలో పొడుగునార అమెరికా జాతి పత్తులు, సంకర పత్తులు విస్తరించినవి. 1980 తరువాత పైరెత్రాయిడు మందులు వచ్చినవి. కాయతొలుచు పురుగు ఒక్క పిచికారితో రాలుట చూచి రైతులు సంతసించి మఱల మఱల చల్లిరి. 1984-85లో తెల్లదోమ ఉప్పెనవలె వచ్చినది.

తెల్లదోమ నడత పచ్చదోమకు విరుద్ధము. దానికి నూగు ఇష్టము. నూగుటాకు అడుగున గాలి తగులని నీడలో అది గ్రుడ్లు పెట్టి పిల్లలను పెంచును. వానలు వెనుకపట్టి పొడియెండ కాచినచో సంతానము రెట్టింపగును. కుండపోత వాన పడినచో కొట్టుకొనిపోవును. దాని జిగురుపై నల్లబూజు పట్టి, విచ్చిన దూది కూడ మసిబాఱును. దానిని తిను సాలెపురుగులను, అక్షింతల పురుగులను మందులు ముందుగానే చంపియుండినవి. పచ్చదోమకు అడ్డుగా ఎంచిన కవచమే తెల్లదోమకు ఇల్లయినది. కాయతొలుచు శనగపచ్చ పురుగు రెక్కపురుగు కూడ గ్రుడ్లు పెట్టుటకు నూగు గల ఆకునే కోరును. గుంటూరు సమీపమున లాం పరిశోధనాక్షేత్రమువారు తెల్లదోమను తట్టుకొను 'కాంచన' అను రకమును తెచ్చిరి. అంతలో 1987-88లో శనగపచ్చ పురుగు పైరెత్రాయిడులకు లొంగని జాతియై విరుచుకొనిపడినది. అప్పు తెచ్చి మందు చల్లిన రైతులు పలువురు అదే మందు త్రాగి ప్రాణములు విడిచిరి. ఈ వాక్యమును తేలికగా చదివి దాటుట నాకు సాధ్యము కాదు. ఆకుమీది వెండ్రుక ఎంత పొడుగు, అక్టోబరులో ఎన్ని దినములు మబ్బు పట్టినది యను ప్రశ్నలు ప్రయోగశాలకు చెందిన ముచ్చట్లుగా తోచును గాని, వానివెనుక ఇండ్లు కూలినవి.

2002లో కాయతొలుచు పురుగును చంపు విషపదార్థమును మొక్కయే తయారుచేసికొనునట్లు చేసిన బి.టి. పత్తికి మన దేశమున అనుమతి లభించినది. పైరు పొందికను మనుష్యుడు విత్తనములోనే మార్చిన పని యిది. శనగపచ్చ పురుగు వెనుకకు తగ్గినది. మందుల ఖర్చును కొన్నియేండ్లు తగ్గినది. ఐతే ఈ విషము రసము పీల్చు పురుగులపై పనిచేయదు. వర్తకులు విడుదల చేసిన సంకర విత్తనములలో పెక్కింటికి ఆకు నూగు చాలనందున పచ్చదోమ మఱల తల యెత్తెను. విత్తనమునకే ఇమిడాక్లోప్రిడ్ మందు పట్టించి అమ్మిరి. కొన్నియేండ్లకు దోమ దానికిని అలవడెను. ఆలూరు, ఆదోని నల్లరేగళ్లలో దళసరి యాకుల వెస్టర్న్స్ నిలిచిన చోట ఈ సంకరములే నిండినవి.

తరువాతి వంతు గులాబిరంగు పురుగుది. ఇది మన దేశమునకు క్రొత్త కాదు. బరోడా ప్రక్కన బరూచి పత్తిచేలనుండి పంపిన పురుగును చూచి 1843లో సాండర్సు అను ఆంగ్లపండితుడు దానికి మొదటిసారి పేరు పెట్టెను. పువ్వులో దూరి, కాయలో గింజ తినుచు, బయటికి గుర్తు కనబడనీయదు. పూరేకులు విప్పక గులాబిమొగ్గవలె ముడుచుకొనియున్న పువ్వే దాని జాడ. గుజరాతులో 2010 ప్రాంతమున మొదటి తరము బి.టి. పత్తిని, 2015 ప్రాంతమున రెండవ తరము పత్తిని కూడ అది జీర్ణించుకొన్నట్లు రూఢియైనది. పిమ్మట తెలుగుదేశమంతటను కనబడినది.

ఈ పురుగు పత్తిని తప్ప వేఱొక పంటను అంతగా ఆశ్రయింపదు. కావున చేలలో కొన్నినెలలు పత్తి లేకుండుటయే దానికి పెద్ద ఉపవాసము. 1919లో మదరాసు ప్రభుత్వము పైరుల తెగుళ్లు, పురుగులను గూర్చి చట్టము చేసినది. కోయంబత్తూరు మొదలగు చోట్ల కంబోడియా పత్తికట్టెను నియమితదినములోపల పీకవలెనని దానిక్రింద ఉత్తరువు లుండెడివి. ఆలూరు మెట్టచేనిలో అట్టి యుపవాసమును వాతావరణమే విధించెడిది: కార్తికముతో వాన ఆగును, చైత్రమునకు నేల నెఱ్ఱెలు విచ్చును, మిగిలిన ఆకును, కాయను గొఱ్ఱెలమందలు మేయును. తుంగభద్ర దిగువకాలువ వచ్చిన చోట్లను, గొట్టపుబావులు త్రవ్విన చోట్లను మాత్రము తడి పెట్టి, ఐదవ కాపు, ఆఱవ కాపు తీయుచు ఫిబ్రవరి మార్చి దాటువఱకు కట్టెను నిలుపుట గలదు. కడపటి కాపులో దూది కొలది, పురుగు మెండు. పీకిన కట్టె ఇంటిముందు వంటచెఱకుగా పేర్చినచో దానిలోని ఎండుకాయలలోను, విత్తనము తీయు మరల యొద్ద గింజరాసులలోను పిల్లపురుగు ముడుచుకొని వేసవి గడపును. జూను వానల తరువాత రెక్కలు తొడిగి బయలుదేరునాటికి మొగ్గవేసిన చేను దగ్గఱ లేనిచో ఆ సంతానము చాలవఱకు నశించును. తడికి ముందే విత్తిన చేను ఒక్కటి మొగ్గలతో నున్నను, ఊరిలోని తక్కిన చేలకు పురుగు అచటినుండియే నడచివచ్చును.